బెంగళూరు ఫ్లాట్‌లో స్టీరియోకి సబ్‌వూఫర్: ఏది తీసుకోవాలి, ఎవరికి అసలు అక్కర్లేదు

మీ దగ్గర ఒక స్టీరియో ఆంప్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి, పాట బాగానే వినిపిస్తోంది కానీ కింద ఏదో వెలితి, సబ్ (సబ్‌వూఫర్, లోతైన బేస్ మాత్రమే వాయించే విడి పెట్టె) ఒకటి పెడితే నిండుతుందేమో అని ఆలోచిస్తున్నారా? అయితే ఇది మీకోసమే. నా మాట ముందే చెప్పేస్తాను: బెంగళూరు ఫ్లాట్‌లో ఉంటూ ఎక్కువగా పాటలే వినేవాళ్లకి 8 లేదా 10 అంగుళాల సీల్డ్ (అన్నివైపులా మూసిన) సబ్, హై-లెవెల్ ఇన్‌పుట్ (ఆంప్ స్పీకర్ టెర్మినళ్ల నుంచే సిగ్నల్ తీసుకునే దారి) ఉన్నది, చాలు. షాపులో 12 అంగుళాల పోర్టెడ్ (రంధ్రం ఉన్న) పెట్టె చూసి మనసు పారేసుకోకండి. ఈ మాట వర్తించని ఇళ్లు కూడా ఉన్నాయి, వాటి సంగతీ చెప్తాను.

ముందు ఆ వెలితి ఎక్కడుందో చూద్దాం. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. పియానోలో ఎడమ చివర మెట్టు 27.5. తంబురాని సి శ్రుతికి పెడితే మంద్ర షడ్జమం 65 చుట్టూ ఉంటుంది. ఐదు అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ మామూలుగా 55, 60 దగ్గరికి వచ్చేసరికే చేతులెత్తేస్తుంది. అంటే ఎనభైల నాటి సినిమా పాటల్లో బేస్ గిటార్ కిందికి దిగినప్పుడు మీరు వింటున్నది దాని పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) మాత్రమే, మిగతాది చెవి ఊహించుకుని పూరించుకుంటోంది. సబ్ సరిగ్గా కుదిరితే ఆ కింది స్వరం ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తుంది. గుమ్‌మనడం కాదు, అది ఏ స్వరమో తెలియడం. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి ఉంది, షాపుల్లో దీన్ని ఎవరూ చెప్పరు: సౌండ్ తగ్గించి వినేవాళ్లకే సబ్ ఎక్కువ పనికొస్తుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవి మిగతా వాటికన్నా బేస్‌ని ముందు వదిలేస్తుంది, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ ల్యాబ్స్‌లో కొలిచి చూపించిన విషయం ఇది. రాత్రి పిల్లలు పడుకున్నాక మెల్లగా పెట్టుకుంటే పాట పలచబడిపోయినట్టు అనిపించేది అందుకే. చిన్న సబ్ అప్పుడు ఆ పలచదనాన్ని పోగొడుతుంది. కాబట్టి "మాది అపార్ట్‌మెంట్, మాకెందుకు సబ్" అని కొట్టిపారేయక్కర్లేదు.

సబ్ కొనాలా, అదే డబ్బు పెట్టి టవర్ స్పీకర్లకి మారాలా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. మీ బుక్‌షెల్ఫ్‌లు మీకు నిజంగా నచ్చినవైతే సబ్ వైపే మొగ్గండి, ఎందుకంటే స్పీకర్లకి గొంతు బాగా పలికే చోటు ఒకటి, బేస్ బాగా పలికే చోటు ఇంకొకటి, టవర్‌లో రెండూ ఒకే పెట్టెలో ఇరుక్కుని ఉంటాయి, సబ్‌ని మాత్రం ఎక్కడ బాగుంటే అక్కడికి జరుపుకోవచ్చు. స్పీకర్ల గొంతే నచ్చలేదంటే సబ్ దాన్ని బాగుచేయదు, ముందు స్పీకర్లు మార్చండి. ఇప్పటికే మంచి టవర్లు ఉండి, వాటిని 11 బై 12 బెడ్‌రూమ్‌లో పెట్టుకుని వింటున్నవాళ్లకి సబ్ అక్కర్లేదు, ఆ డబ్బుతో మందపాటి కర్టెన్లు, ఒక పెద్ద తివాచీ, పుస్తకాల అలమర కొనుక్కుంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. తివాచీ, కర్టెన్లు లోతైన బేస్‌ని మింగలేవు, అది వేరే సంగతి, కానీ పైన గోల తగ్గితే కింద ఉన్నది స్పష్టంగా వినిపిస్తుంది.

అటక మీద పాత హోమ్ థియేటర్ సెట్‌లోని సబ్ ఉంది, దాన్ని వాడొచ్చా అనేవాళ్లు కూడా ఉన్నారు. వాటిలో చాలావరకు పాసివ్ పెట్టెలు, లోపల ఆంప్ ఉండదు, ఆ సెట్‌తోనే మోగుతాయి. పైగా 60 నుంచి 100 మధ్య ఒకే ఊపు ఊపి వదిలేసేలా చేసినవి, సినిమాలో బాంబు పేలుడికి సరిపోతాయి గానీ పాటకి పనికిరావు. వదిలేయండి.

ఇక అసలు ఎంపిక, సీల్డా పోర్టెడా. సీల్డ్ అంటే అన్నివైపులా మూసిన పెట్టె. పోర్టెడ్‌కి ఒక గొట్టం లాంటి రంధ్రం ఉంటుంది, ఒక హెర్ట్జ్ స్థాయి దగ్గర ఆ గొట్టంలో గాలి కూడా మోగుతుంది కాబట్టి అదే వాట్స్‌కి అక్కడ ఎక్కువ సౌండ్ వస్తుంది. దానికి రెండు మూల్యాలు కట్టాలి. పెట్టె పెద్దదవుతుంది. ఆ స్థాయి కిందికి వెళ్లగానే సౌండ్ ఒక్కసారిగా పడిపోతుంది, ఆక్టేవ్‌కి (అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ చొప్పున. సీల్డ్‌లో ముందుగానే తగ్గడం మొదలవుతుంది కానీ మెల్లగా, ఆక్టేవ్‌కి 12 చొప్పున తగ్గుతుంది. ఈ మెల్లగా తగ్గడమే మన గదుల్లో కలిసొస్తుంది. మూసిన చిన్న గదిలో చాలా కింది బేస్‌కి గది తనంతట తనే ఊతమిస్తుంది, సీల్డ్ సబ్ ఎక్కడ తగ్గుతోందో గది అక్కడ ఎత్తుతుంది, రెండూ కలిస్తే దాదాపు సమంగా వస్తుంది. అదే గదిలో పోర్టెడ్ పెడితే అప్పటికే నిండుగా ఉన్నదాని మీద ఇంకా పోసినట్టవుతుంది.

అమెరికా రివ్యూలు చదివి కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వాళ్ల ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు బిగించినవి, బేస్ కొంత ఆ గోడలోంచి బయటికి పోతుంది, కొంత గోడే ఊగి మింగేస్తుంది. మనవి ఇటుకలు లేదా కాంక్రీటు బ్లాకుల గోడలు, కింద విట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబు. బేస్‌కి పోయే దారి లేదు, గోడకి గోడకి మధ్య తిరుగుతూనే ఉంటుంది. గది పొడవుని మీటర్లలో తీసుకుని రెట్టింపు చేసి, 343ని దానితో భాగించండి, ఆ గది ఏ స్థాయి దగ్గర ఊగుతుందో వస్తుంది. 12 అడుగులకి 47 హెర్ట్జ్, 10 అడుగులకి 56. గది 10 బై 10 అయ్యి పైకప్పు కూడా 10 అడుగుల దగ్గర ఉంటే మూడు వైపులా అదే 56 దగ్గర ఊగుతుంది, బేస్ గిటార్ ఆ స్వరం పట్టుకున్న ప్రతిసారీ అది ఒక్కటే పైకి లేస్తుంది. అలాంటి గదిలో ఎంత ఖరీదైన సబ్ పెట్టినా ముందు వినిపించేది గదే.

ఇప్పుడు ఈ మాట ఎక్కడ వర్తించదో చెప్తాను. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్ వైపు కొత్త ఫ్లాట్లలో హాలు, డైనింగ్, ఓపెన్ కిచెన్ అన్నీ కలిసి ఒకటే పొడవాటి చోటు, చివర బాల్కనీకి పెద్ద స్లైడింగ్ తలుపు. అక్కడ గది ఇచ్చే ఊతం పెద్దగా ఉండదు, గాలి కూడా ఎక్కువ కదపాలి, ఎనిమిది అంగుళాల సబ్ ఆయాసపడుతుంది. అలాంటి హాల్లో 12 అంగుళాల సీల్డ్ తీసుకోండి, సినిమాలు కూడా సగం సగం చూస్తారంటే అప్పుడు పోర్టెడ్ గురించి ఆలోచించండి. ఎస్‌వీఎస్ వాళ్లవి ఎస్‌బీ-1000 ప్రో, పీబీ-1000 ప్రో అని రెండున్నాయి, రెండిటిలోనూ 12 అంగుళాల డ్రైవర్ (సౌండ్ పుట్టించే కోన్), 325 వాట్స్ ఆంప్, మొదటిది సీల్డ్, రెండోది పోర్టెడ్. ఈ రెండు పెట్టెల్ని పక్కపక్కన చూస్తే నేను సైజు గురించి ఎందుకు ఇంతగా చెప్తున్నానో తెలుస్తుంది. రెండిటికీ ఫోన్‌లో యాప్ ఉంది, సోఫాలో కూర్చుని ఆ 47 దగ్గరి ఊపుని యాప్‌లోనే తగ్గించుకోవచ్చు, మన కాంక్రీటు గదులకి ఇది నిజంగా విలువైన సదుపాయం.

బెడ్‌రూమ్‌కి, చిన్న హాలుకి, పాటలకి అంటే నా మొగ్గు రెల్ టీ/5ఎక్స్ లాంటి దాని వైపు. 8 అంగుళాలు, సీల్డ్, 125 వాట్స్. వాట్స్ తక్కువని కంగారు పడకండి, పక్కింటి గోడ అవతలికి పంపాలంటే చాలవు గానీ పాటకి సరిపోతాయి. చోటే ప్రధానం, డబ్బు రెండో సంగతి అనుకునేవాళ్లకి కెఫ్ కేసీ62 ఉంది, 6.5 అంగుళాల డ్రైవర్లు రెండు వీపు వీపు ఆనించి బిగించి ఉంటాయి, ఒకటి ఇటు తోస్తే ఇంకొకటి అటు తోస్తుంది కాబట్టి పెట్టె వణకదు. తక్కువ బడ్జెట్‌లో వచ్చే పది అంగుళాల పోర్టెడ్ సబ్‌లు చాలా ఉన్నాయి, తప్పదంటే తీసుకుని గెయిన్ (సబ్ సొంత వాల్యూమ్ నాబ్) బాగా తగ్గించి, పోర్టుకి ఒక పాత సాక్సు చుట్టి దూర్చి చూడండి, గుయ్‌మనడం కొంత తగ్గుతుంది.

ఒక మాట, డ్రైవర్ నేలవైపు చూసే రకం తీసుకుంటే ఇంట్లో రోజూ తడిబట్ట పెట్టే సంగతి మర్చిపోవద్దు. ఈ పెట్టెలు ఎండీఎఫ్‌వి (చెక్కపొట్టు నొక్కి చేసిన బోర్డు), అడుగున తడి తగిలితే ఉబ్బిపోతాయి. వంటింట్లో మిగిలిన గ్రానైట్ ముక్క ఒకటి వేసి దాని మీద పెట్టండి, ముక్క కింద రబ్బరు ప్యాడ్లు. నడక నేర్చుకునే పిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం నేలవైపు చూసే డ్రైవరే మేలు, వేలు పెట్టి నొక్కడానికి వీలుండదు.

కనెక్షన్ గురించి కాస్త ఓపిగ్గా చదవండి, సగం మంది అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. మీ ఆంప్ వెనక సబ్ అవుట్ అని ఉందేమో చూడండి. యమహా ఏ-ఎస్301, డెనాన్ పీఎంఏ-600ఎన్‌ఈ, మరాంట్జ్ పీఎం6007 లాంటి వాటికి ఉంది. ఒక ఆర్‌సీఏ కేబుల్ వేస్తే పని అయిపోతుంది. కానీ ఇలాంటి ఆంప్‌లు మీ స్పీకర్ల నుంచి బేస్‌ని తీసేయవు, అవి ఎప్పట్లాగే తమకు చేతనైనంత కిందికి వాయిస్తూనే ఉంటాయి, సబ్ వాటి కింద కలవాలి. అందుకే సబ్ మీది క్రాసోవర్ నాబ్‌ని (సబ్ ఎన్ని హెర్ట్జ్ దాకా వాయించాలో చెప్పేది) 80లో పెట్టి వదిలేస్తే 55 నుంచి 80 దాకా రెండూ ఒకేసారి వాయించి ఆ ముక్క లావెక్కిపోతుంది. ఆ 80 అన్నది సినిమా వాళ్ల లెక్క, అక్కడ హోమ్ థియేటర్ రిసీవర్ స్పీకర్లని కూడా 80 దగ్గర కోస్తుంది, అంటే దాని కింది బేస్ వాటికి వెళ్లనివ్వదు. మామూలు స్టీరియో ఆంప్‌తో అయితే 50 దగ్గర మొదలుపెట్టండి. వీమ్ ఆంప్ లాంటి వాటిలో స్పీకర్లని కూడా కోసే సౌకర్యం ఉంది, అది వాడితే 80 పెట్టుకోవచ్చు, చిన్న స్పీకర్లకి బరువు తగ్గి గొంతు కూడా తేటపడుతుంది. చిన్న స్పీకర్లు ఉన్నవాళ్లకి ఈ దారి నాకు చాలా ఇష్టం.

సబ్ అవుట్ లేని ఆంప్ అయినా దిగులు లేదు, హై-లెవెల్ ఉంది. స్పీకర్ వైర్లు బిగించే టెర్మినళ్ల నుంచే సబ్‌కి సిగ్నల్ తీసుకోవడం. రెల్ అయితే ఒకవైపు స్పీకాన్ ప్లగ్ ఉన్న పొడవాటి కేబుల్ ఇస్తారు, ఎర్ర వైరు కుడి ప్లస్‌కి, పసుపు ఎడమ ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. ఆంప్ ఆపేసి, ప్లగ్ తీసేసి కలపండి. ఆంప్ మీద దీనివల్ల భారం పడదు, సబ్ సిగ్నల్ మాత్రమే తీసుకుంటుంది, కరెంటు దానికి వేరే ఉంది. ఒక్క జాగ్రత్త: కొన్ని క్లాస్ డీ ఆంప్‌లలో మైనస్ టెర్మినల్ కూడా లైవే, గ్రౌండ్ కాదు, నల్ల వైరు దానికి కలిపితే ఆంప్ పాడైపోవచ్చు. అలాంటప్పుడు ఆ వైరు ఆంప్ చాసిస్‌కి (లోహపు పెట్టెకి) వెళ్లాలి. మీది ఏ రకమో తెలియకపోతే మోడల్ నంబర్ రాసి సబ్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి అడిగాకే వైరు ముట్టుకోండి.

సబ్ పెట్టగానే జుయ్యిమని హమ్ వస్తే, సబ్‌నీ ఆంప్‌నీ ఒకే స్పైక్ బస్టర్‌కి పెట్టి చూడండి, ఆ తర్వాత టీవీ కేబుల్ వాళ్ల డబ్బా తీసి చూడండి, ఎక్కువసార్లు అదే కారణం. మూడో పిన్ను విరగ్గొట్టేసి హమ్ పోగొట్టుకునే సలహా ఎవరైనా ఇస్తే వినకండి, ఎర్తింగ్ ప్రాణాలకి సంబంధించినది.

ఎక్కడ పెట్టాలి అన్నదానికి పాత పద్ధతే మంచిది. సబ్‌ని మీరు కూర్చునే సోఫా చోట పెట్టి, బేస్ గిటార్ నడక బాగా ఉన్న పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద తిరుగుతూ వినండి, ప్రతి స్వరం ఒకే బలంతో వినిపించిన చోట సబ్‌ని పెట్టండి. మూల అయితే అన్నిటికన్నా గట్టిగా వస్తుంది, అన్నిటికన్నా అసమానంగానూ వస్తుంది. ఫేజ్ నాబ్‌ని (సబ్ ఊపు స్పీకర్ల ఊపుతో కలిసేలా సర్దేది) సున్నాకీ 180కీ తిప్పి, బేస్ ఎక్కడ నిండుగా ఉంటే అక్కడ ఆపండి. గెయిన్ ఎంత అంటే, సబ్ మోగుతున్నట్టు తెలియకూడదు, ఆపితే మాత్రం తెలియాలి.

మారతహళ్లిలో మా ఫ్రెండ్ ఇంట్లో ఇవన్నీ చేశాక కూడా ఏదో గరగర మిగిలింది. "అన్నా, సబ్బే చెడిపోయిందేమో, ఇచ్చేద్దామా" అన్నాడు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 20 నుంచి మెల్లగా పైకి తెచ్చాం. 38 దగ్గర బీరువా తలుపుకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి టకటకమంది. 46 దగ్గర షోకేస్ అద్దాల పలక దాని గాడిలో వణికింది, వేలు ఆనించగానే ఆగిపోయింది. 60 దాటాక ఫాల్స్ సీలింగ్‌లో ఒక లైటు. సబ్‌లో ఏ దోషమూ లేదు. అద్దం గాడిలో ఫెల్ట్ ముక్క, గుత్తి తీసి మేకుకి, లైటు స్ప్రింగు సరిచేస్తే పాట తేటపడింది. ఏ సబ్ కొన్నా ఈ పావుగంట పని చేసి తీరండి, చాలామంది ఈ చప్పుళ్లనే సబ్ నాణ్యత అనుకుని తిట్టుకుంటారు.

పొరుగువాళ్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ఫోన్ యాప్‌లో చూస్తే అంత కూడా లేదే అనిపిస్తుంది, నమ్మకండి. ఆ కొలతలో ఏ-వెయిటింగ్ అని ఒకటి ఉంటుంది, 50 హెర్ట్జ్ దగ్గర ఉన్నదాన్ని 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. మీటరు ప్రశాంతంగా ఉన్నా కింది ఇంట్లో మంచం మీద పడుకున్న ముసలాయనకి దిమ్‌దిమ్ తెలుస్తూనే ఉంటుంది. సబ్ కింద ఫోమ్ లేదా రబ్బరు ప్లాట్‌ఫాం వేస్తే స్లాబులోకి నేరుగా పోయే అదురు తగ్గుతుంది, గాలిలో పోయే బేస్ తగ్గదు, దానికి గెయిన్ తగ్గించడం ఒక్కటే దారి. సబ్ పెట్టిన వారంలో కింది ఇంటికీ పక్కింటికీ వెళ్లి "అంకుల్, ఏమైనా వినిపిస్తోందా, మొహమాటం లేకుండా చెప్పండి" అని అడగండి. యాప్‌లో నైట్ ప్రీసెట్ పెట్టుకునే వీలున్న సబ్‌కి నేను కాస్త ఎక్కువ డబ్బు పెట్టమంటాను, కారణం ఇదే.

అమెరికా నుంచి బావగారో తమ్ముడో వస్తున్నారు, అక్కడ చవక, తెప్పించుకోనా అని అడిగేవాళ్లకి: వద్దు. అక్కడ అమ్మేది 120 వోల్టులకి చేసినదై ఉండొచ్చు, ఇక్కడ 230కి నేరుగా పెడితే ఆంప్ కాలిపోతుంది. వెనక ప్లేటు మీద రాసి ఉన్న వోల్టేజీ ఫొటో తెప్పించి చూడకుండా అడుగు వేయొద్దు. అది సరిపోయినా ఇక్కడ వారంటీ దొరకడం కష్టం, సబ్‌లో ముందు పోయేది లోపలి ఆంప్ బోర్డే, దాన్ని బాగుచేయించడానికి మళ్లీ ఆ దేశం పంపలేరు. ఇక్కడి అధీకృత డీలరు దగ్గరే బిల్లుతో కొనండి. కేబుళ్లు, ప్లగ్గులు, స్పైక్ బస్టర్ మాత్రం బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్‌లో తెచ్చుకోండి, షీల్డ్ బాగున్న మామూలు ఆర్‌సీఏ కేబుల్ చాలు, సబ్ కేబుల్ పేరుతో వేలకు వేలు పెట్టక్కర్లేదు.

ఒక పెద్దదా, రెండు చిన్నవా అంటే, చోటు ఉంటే రెండు చిన్నవే. హర్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టీ 2002లో దీని మీద చేసిన పని చాలామందికి ఆధారం, ఎదురెదురుగా ఉన్న రెండు గోడల్లో ఒక్కో గోడ మధ్యన ఒక్కొక్కటి పెడితే గది ఊపు చాలావరకు సర్దుకుంటుంది, ఒక్క సోఫాలోనే కాదు, పక్క కుర్చీలోనూ బేస్ ఒకేలా వినిపిస్తుంది. ఒకేసారి రెండు కొనక్కర్లేదు. ముందు ఒకటి కొని, కొన్ని నెలలు విని, గది ఇంకా ఏదో ఒక స్వరం దగ్గర ఊగుతుంటే అదే మోడల్ రెండోది తెచ్చుకోండి. డీలరు దగ్గర కొనేటప్పుడే ఇంట్లో పెట్టి చూసే అవకాశం, నచ్చకపోతే తిరిగి తీసుకునే గడువు అడిగి బిల్లు మీద రాయించుకోండి, షాపులోని పెద్ద డెమో గదిలో విన్నది మీ పది బై పన్నెండు గదికి ఏమీ చెప్పదు.